మూడు పొయ్యిల ఇల్లు

మా వదిన చేతికి ఒక గాజుగ్లాసు, చెంచాడు సబ్బుపొడి ఇస్తే చాలు, ఎదుటివాళ్లు వచ్చిన పని మరిచిపోయేవారు. గ్లాసు సగానికి నీళ్లు పోసి, పొడి చల్లి, చెంచాతో గిర్రున తిప్పేది. నురగ లేచి లేచి సరిగ్గా అంచు దగ్గరికొచ్చి నిలబడేది. ఒక్క చుక్క కింద పడేది కాదు. "చూశారా? ఎక్కడ ఆగాలో దానికి తెలుసు," అనేది. ఆ మాట సబ్బుల కంపెనీవాళ్లు నేర్పింది కాదు, ఆమె సొంతం. వీధివాళ్లు ఆమెకు నురగక్క అని పేరు పెట్టుకున్నారు. వెనకాల అనుకునే పేరే. అది చెవిన పడ్డప్పుడు కూడా ఆమెకు కోపం రాలేదు, పేరంటూ ఒకటి వచ్చింది కదా అని మురిసిపోయింది.

నేను ఆమె ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఆ హోదాని నేను బాగానే వాడుకుంటాను. రెండు వీధుల అవతల కళ్లద్దాల షాపులో పని చేస్తాను. ఆదివారం వచ్చిందంటే పుట్టింట్లో దిగిపోతాను. నా నోటికి జడిసి మా ఆయన కూడా ఆ రోజు నన్ను ఆపడు. కాబట్టి ఇందులో చాలాభాగం నేను కళ్లారా చూసిందే. మిగతాది మా అమ్మ చెప్పింది. మా అమ్మ దేన్నీ పెంచి చెప్పదు. ఆవిడ పెంచి చెప్పేది ఒక్క ఉప్పు గురించే. ఇంట్లో ఎవరు వండిన కూరైనా సరే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఉప్పు ఎక్కువైంది" అనాల్సిందే. అలా అని రెండోసారి వడ్డించుకుని తింటుంది.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందుగది, మధ్యగది, వంటగది, చివర వసారా. వంటగది పక్కన అమ్మ గది. అందులో మంచం వేశాక మనిషి పక్కకు తిరిగి నడవాలి. అన్నయ్య బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇంజన్లతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు. తమ్ముడు ఇళ్లకు రంగులు వేస్తాడు. తమ్ముడి పెళ్లాం, అంటే నా మరదలు, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటుంది. ఆ ఇంట్లో ఆమె రోజూ తప్పకుండా అనే మాట ఒక్కటే: "ఇవాళ ఏం వండుదాం అక్కా?" వదిన చెప్పేది. మరదలు తరిగేది, వదిన తాలింపు పెట్టేది. ఆరేళ్లుగా అదే పద్ధతి.

తినేటప్పుడు మాత్రం చూడాలి ఆ వంటగదిని. పిల్లలతో సహా అందరూ పొయ్యి ముందు నేలమీదే గుండ్రంగా కూర్చునేవారు. గిన్నెలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి తిరుగుతూనే ఉండేవి. దేనికీ మూత ఉండేది కాదు. పెట్టినా ఎవరో ఒకరు తీసి చూస్తారు, తీసినవాళ్లు మళ్లీ పెట్టరు. విసుగొచ్చి వదిన మూతలన్నీ ఒక గోనెసంచిలో వేసి అటక మీద పడేసింది.

పెళ్లికి ముందు నుంచీ వదిన ఒక బట్టల కొట్టులో పని చేసింది. అమ్మే పని కాదు, మడతలు పెట్టే పని. వచ్చినవాళ్లు కొండంత బట్టలు కిందికి లాగించి, బాగాలేవని పెదవి విరిచి వెళ్లిపోయేవారు. ఈమె వాటిని మళ్లీ మడిచి పైకి చేర్చేది. "వాళ్లు నా వైపు చూసి మాట్లాడేవాళ్లు కాదు అమ్మడూ, బట్ట వైపు చూసి మాట్లాడేవాళ్లు," అని నాతో అంది ఒకసారి. రెండో కాన్పు తర్వాత ఆ పని మానేసింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చేతిసంచితో ఒకావిడ గుమ్మంలోకి వచ్చి, "మేడమ్, ఒక్క నిమిషం మీ చెయ్యి ఇస్తారా?" అంది. అంతే. వదిన చెయ్యి ఇచ్చింది.

ఆ వచ్చినావిడను మేమంతా పైమేడమ్ అనేవాళ్లం, వదినకు కంపెనీలో ఆవిడే పైది కాబట్టి. వదిన కూడా ఆవిడ చేసినట్టే చేసేది. ఎవరింటికి వెళ్లినా ఒక చేతికే క్రీము రాసేది. "రెండో చెయ్యి అలాగే ఉంచండి. రేపటికి మీకే తెలుస్తుంది తేడా," అనేది. మా వీధిలో ఆడవాళ్లందరికీ కొన్నాళ్లు ఒక చెయ్యి నున్నగా, ఒక చెయ్యి గరుకుగా ఉండేది. కొంతమంది రెండో చేతి కోసమైనా డబ్బా కొన్నారు.

మొదటిసారి మీటింగుకి వెళ్లొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. చెప్పులు కూడా విప్పకుండా వచ్చి నా పక్కన కూలబడింది. "నాకోసం చప్పట్లు కొట్టారు అమ్మడూ. హాలంతా! పెళ్లిలో కూడా నాకోసం ఎవరూ కొట్టలేదు."

"పెళ్లిలో చప్పట్లెవరు కొడతారు వదినా? భోజనం బాగుంటే త్రేన్చి పోతారు," అన్నాను.

ఆమె నవ్వలేదు. కళ్లు తడిగా ఉన్నాయి. అప్పుడు నా నోరు నేనే మూసుకున్నాను. అది నాకు తరచుగా జరిగే పని కాదు.

కంపెనీలో పైకి ఎక్కాలంటే నక్షత్రం రావాలట. వెండి నక్షత్రం. దానికి తన కింద మూడు ఇళ్లు చేరాలి. మనుషులు కాదు, ఇళ్లు. చేరిన ప్రతి ఇల్లూ నెలకో పెట్టెడు డబ్బాలు కొనాలి. వదినకు ఒక్క ఇల్లు దొరికింది, మా వీధి చివర కుట్టుపని చేసే ఆవిడ. ఆ తర్వాత వీధి అయిపోయింది. ఈమె గంట కొడితే లోపల టీవీ శబ్దం తగ్గిపోయేది. ఎదురుపడ్డవాళ్లు ఫోను చెవికి పెట్టుకునేవారు. నన్నూ అడిగింది. "నా ముఖానికి నీ క్రీము చాలదు వదినా, సున్నం కావాలి. దానికి తమ్ముడున్నాడు," అని తప్పించుకున్నాను. చుట్టాలు పెళ్లిళ్లకు పిలవడం కూడా తగ్గించారు. ఆమెకు అది తెలిసింది. తెలిసీ సంచి భుజాన వేసుకుని రోజూ వెళ్లేది, ముఖం చిన్నబుచ్చుకుని వచ్చేది. ఆ ముఖం చూస్తే నాకు ఆ కంపెనీని కాలరాయాలనిపించేది.

అప్పుడే పైమేడమ్ ఇంటికొచ్చి ముందుగదిలో కాలుమీద కాలేసుకుని కూర్చుంది. ఆదివారం కావడంతో నేనూ ఉన్నాను.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ పని. ఇంట్లోనే రెండు ఇళ్లున్నాయి కదా," అంది.

"ఒకే ఇంట్లోవాళ్లు లెక్కకు రారు కదండీ?" అంది వదిన.

"ఇల్లంటే కంపెనీ దృష్టిలో గోడలు కాదమ్మా, పొయ్యి. ఒక పొయ్యి మీద తినేవాళ్లంతా ఒక ఇల్లు. పొయ్యి వేరైతే ఇల్లు వేరే. నీ తోడికోడలికి ఒక పొయ్యి, మీ అత్తగారికి ఒక పొయ్యి పెట్టించు. మావాళ్లొచ్చి చూసి, రాసుకుని పోతారు. ఎంతసేపు?"

వదిన ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నాకంటే ముందు లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "పెద్దమ్మాయ్, ఒకసారి ఇలా రా."

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. వదిన లోపలికి వెళ్లింది, గుమ్మం దగ్గర నేను నిలబడ్డాను.

"పొయ్యి వేరు పెట్టడమంటే ఏంటో నీకు తెలీదు. నేను చూశాను," అంది అమ్మ. "మీ మామయ్యా, ఆయన అన్నా ముందు పొయ్యే వేరు పెట్టుకున్నారు. పిల్లలకి పాలు ఎక్కువా తక్కువా అని గొడవ. కోపాలు చల్లారాక కలుద్దాంలే అనుకున్నాం. గోడ తర్వాత లేచింది. మీ పెద్దమామయ్య పోయినప్పుడు, పక్కగదిలో ఏడుపులు వినిపిస్తుంటే, మేము వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లాం."

"అది కోపంతో పెట్టిన పొయ్యి అత్తయ్యా. ఇది ఉత్తుత్తి నాటకం. వాళ్లొచ్చి చూసి పోయేదాకా, అంతే."

"నాటకమో కాదో నిప్పుకేం తెలుసే?"

వదిన అమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. "ఇన్నేళ్లూ నేను ఎవరి కంటికీ ఆనలేదు అత్తయ్యా. ఒక్కసారి ఆ స్టేజీ ఎక్కాలని ఉంది. తర్వాత అన్నీ మానేయమంటే మానేస్తాను," అంది, తలెత్తకుండా.

అమ్మ ఆమె పాపిట వైపు చూసింది. తర్వాత, "సబ్బులు నేనెవరికి అమ్మాలే మరి? కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని," అంది. ఒప్పుకుందని అందరికీ అర్థమైంది. ఎవరికీ అమ్మక్కర్లేదని, రెండిళ్ల డబ్బాలూ తనే కొంటానని వదిన ఆమె మోకాళ్లు పట్టుకుని ఊపేసింది. అన్నయ్య చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ ఆ రోజుకి తన వంతు మాట అన్నాడు. "బండి విప్పడం తేలికే. బిగించాకే, ఒక నట్టు చేతిలో మిగిలిపోతుంది." ఆయన మాటను వదిన ఎప్పుడూ పట్టించుకోదు.

తమ్ముడు వసారాకు రేకు కప్పి, రెండు అరలు కొట్టి, ఒక పొయ్యి పెట్టాడు. గోడకు మిగిలిపోయిన పసుపు రంగు వేశాడు. అమ్మ గదిలో కిటికీ కింద స్టూలు వేసి, దాని మీద చిన్న పొయ్యి పెట్టారు. సరిగ్గా అప్పుడే పైమేడమ్ ఫోను చేసి, కొత్త పొయ్యిలు చూపించి మోసం చేసేవాళ్లు ఎక్కువయ్యారని, అందుకే వచ్చేవాళ్లు మసి కూడా చూస్తారని, ఇరుగుపొరుగుని కూడా అడుగుతారని చెప్పింది. అంటే ఉత్తుత్తిగా పెడితే సరిపోదు, నిజంగానే వండుకోవాలి.

మొదట్లో అదంతా పిల్లల బొమ్మరిల్లు ఆటలా ఉండేది. వదిన గరిటె పట్టుకుని వసారా గడప దగ్గర నిలబడి, "ఏమండీ పక్కింటివారూ, లోపలికి రావచ్చా? కాస్త ఉల్లిపాయ అప్పిస్తారా?" అనేది. మరదలు చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వేది. అమ్మ తన గదిలోంచి, "మా ఇంటి ముందు అల్లరి చేయకండమ్మా, మర్యాదస్తుల కొంప," అని కేకలేసేది. ఆ ఆదివారం నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఇదీ బాగానే ఉందే అనుకున్నాను.

కంపెనీ మనిషి రేపు వస్తాడన్నారు. రాలేదు. వచ్చే వారమన్నారు. మళ్లీ రాలేదు. నాటకం నడుస్తూనే ఉంది. వదిన కొన్న డబ్బాలు అమ్మ మంచం కింద చేరాయి. చోటు చాలక మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టారు. ఇల్లంతా నిమ్మవాసన. అన్నంలో కూడా నిమ్మవాసనే అని పిల్లలు ముక్కు మూసుకునేవారు.

ఒక ఆదివారం నేను వెనక దోవన వెళ్లాను. వసారాలోంచి ఏదో కూనిరాగం వినిపించింది. రేడియో అనుకున్నాను. చూస్తే మరదలు! పొయ్యి ముందు నిలబడి, కూర అరచేతిలో వేసుకుని, కళ్లు మూసుకుని రుచి చూస్తోంది. నన్ను చూసి సిగ్గుపడింది. నా చేతిలోనూ కాస్త వేసింది. కారం తక్కువ, పులుపు ఎక్కువ. వదిన వంటకు అసలు పోలికే లేదు. అద్భుతంగా ఉంది.

"ఇంత బాగా వండుతావా నువ్వు! ఇన్నాళ్లూ ఏ గుహలో దాక్కున్నావే?" అన్నాను.

"ఈ ఇంటికొచ్చాక, ఇవాళ ఏం వండాలో నేనే అనుకోవడం ఇదే మొదలు వదినా," అంది. ఆమె నోటి నుంచి అంత పొడుగు మాట నేను వినడం కూడా అదే మొదలు. నాకు సంతోషం వేసింది. తమ్ముడు పని నుంచి ముందు గుమ్మంలోంచి రావడం మానేసి వెనక దోవనే వస్తున్నాడని, అన్నయ్య పిల్లలు కూడా కంచాలు పట్టుకుని వసారా చుట్టూ తిరుగుతున్నారని అప్పుడే గమనించాను. వదినా గమనించింది. పిల్లల వీపు మీద ఒక్కటిచ్చి, "మనింట్లో తినండి," అంది. మనింట్లో అన్న మాట నాటకంలోది కాదు.

అమ్మ సంగతి ఎవరికీ తట్టలేదు. మొదట్లో వదినే తన కుండలోంచి అన్నం తీసి ఆమెకు పెట్టేది. కానీ అమ్మ పొయ్యికి మసి అంటలేదని వదిన పంపిన ఫొటో చూసి పైమేడమ్ కోప్పడింది. "ఈ నాలుగు రోజులూ మీరే ఏదైనా కాచుకోండి అత్తయ్యా," అని వదిన మీటింగులకు పరుగెత్తింది. తాను లేనప్పుడు చిన్నది చూసుకుంటుందిలే అనుకుంది. మరదలేమో, పొయ్యిలు కలపొద్దని అక్క చెప్పింది కదా, అత్తయ్య భోజనం అక్కే చూస్తుందిలే అనుకుంది. మగవాళ్లు ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగే అలవాటున్న మనిషి కాదు. నేను వెళితే నాకు మాత్రం ఒకటే చెప్పేది, కళ్లద్దాలు ముక్కు మీంచి జారిపోతున్నాయని. ఫ్రేము వదులైందేమోనని స్క్రూలు బిగించి ఇచ్చాను. రెండు వారాలకు మళ్లీ జారాయి. ఈసారి చెవి దగ్గర కాడలు వంచి ఇచ్చాను.

చివరికి కంపెనీ మనిషి వచ్చాడు. కుర్రాడు, మర్యాదగానే ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విప్పి, ముందు వంటగది చూశాడు. తర్వాత వసారా చూశాడు. మరదలు పొయ్యి మీద కూర ఉడుకుతోంది. "ఇది వేరే ఇల్లేనండీ, చూస్తేనే తెలుస్తోంది," అని రాసుకున్నాడు. వదిన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. ఇంక ఒక్క గది. అమ్మ ఏం చెప్పాలో వదిన ముందే నేర్పింది. నేర్పేటప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

అతను పక్కకు తిరిగి గదిలోకి దూరాడు. మేమంతా గుమ్మం దగ్గర గుమిగూడాం. స్టూలు మీద పొయ్యి నల్లగా మసిబారి ఉంది. దాని పక్కన చిన్న గిన్నె. అతను గిన్నె వంచి చూశాడు.

"ఇంతేనా అమ్మా?"

"ఒక్కదానికి ఎంత కావాలి నాయనా? పొద్దున కాచుకుంటే రెండు పూటలకీ వస్తుంది. పాలు పోసుకుంటాను."

"కోడళ్లు పెట్టరా?"

"వాళ్లవి వేరే ఇళ్లు కదా," అంది అమ్మ.

నేర్పిన మాటే. అక్షరం పొల్లుపోలేదు. కానీ అమ్మ నవ్వలేదు, కన్ను గీటలేదు. వాన పడుతోంది అన్నట్టు మామూలుగా చెప్పింది. చెబుతూ ముక్కు మీద జారిన కళ్లద్దాలను వేలితో పైకి తోసుకుంది. ఫ్రేము వదులు కాలేదని, అమ్మ ముఖమే సన్నబడిందని నాకప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందో చెప్పలేను. వదిన వైపు తిరిగాను, నాలుగు దులిపేద్దామని. ఆమె గిన్నె వైపే చూస్తోంది. మరదలు నేల చూపులు చూస్తోంది. ఆ కుర్రాడు మాత్రం, "చాలా సక్రమంగా ఉందండీ. మధ్యమధ్యలో వచ్చి చూస్తుంటాం, ఇలాగే ఉండాలి," అని రాసుకుని వెళ్లిపోయాడు.

నక్షత్రం వచ్చింది. సభకు నేనూ వెళ్లాను. పెద్ద హాలు, చెవులు చిల్లులు పడే పాటలు. వదినను స్టేజీ ఎక్కించి, ఆమె కింద చేరిన మూడు ఇళ్లవాళ్లనూ పైకి పిలిచారు. కుట్టుపని ఆవిడ, మరదలు, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ మా అమ్మ. మైకు పట్టుకున్నతను హుషారుగా అమ్మ దగ్గరికొచ్చి, "అమ్మా, మీ కోడలు మీ జీవితంలోకి ఏం తెచ్చింది?" అని అడిగాడు.

"పొయ్యి," అంది అమ్మ.

హాలు గొల్లుమంది. ఏదో చమత్కారం అనుకుని చప్పట్లు కొట్టారు. అన్నేళ్లుగా వదిన కలలు కన్న చప్పట్లు అవే. ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. ఆమె నవ్వుతూనే నిలబడింది, కానీ ఆ నవ్వు పెదవుల అంచు దాకా వచ్చి ఆగిపోయింది. నేను కూర్చున్న చోటికి ఆమె కళ్లు బాగానే కనిపించాయి.

ఇంటికొచ్చాక చీరకున్న నక్షత్రం తీసి కిటికీలో పెట్టింది. నేరుగా అమ్మ గదిలోకి వెళ్లి, స్టూలు మీది పొయ్యిని రెండు చేతులతో ఎత్తింది.

"ఏం చేస్తున్నావే? మళ్లీ వచ్చి చూస్తామన్నారుగా. ఇది లేకపోతే నీ నక్షత్రం పీకేస్తారు," అంది అమ్మ కంగారుగా.

"పీకనీయండి అత్తయ్యా."

"ఎంత ఆశపడ్డావే! ఉండనీ, నాకు అలవాటైపోయింది."

ఆ చివరి మాటకు వదిన పొయ్యి నేల మీద పెట్టేసి అమ్మ ఒళ్లో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తిట్టాలని దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చినదాన్ని, వెళ్లి ఆమె పక్కనే చతికిలబడ్డాను. తప్పు చేసిన మనిషి మీద అంత ప్రేమ పుట్టుకొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. అమ్మ ఆమె తల నిమురుతూ, "పోనీలే, పోనీలే," అంటూ కూర్చుంది.

ఏడుపు ఆగాక వదిన ముఖం కడుక్కుని వసారా వైపు వెళ్లింది. ఇదీ సరిచేసేస్తే అయిపోతుందని ఆమె నడకలోనే తెలుస్తోంది. మరదలు పొయ్యి గట్టు తుడుస్తోంది. తమ్ముడు అక్కడే పీట మీద కూర్చున్నాడు.

"చెల్లీ, రేపట్నుంచి మళ్లీ కలిపే వండుకుందాం. సామాన్లు లోపలికి తెచ్చేయ్. ఆ పొయ్యి ఎవరికైనా ఇచ్చేద్దాం."

మరదలు తుడవడం ఆపలేదు. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. వదిన తమ్ముడి వైపు చూసింది. వాడు తాను వేసిన పసుపు గోడను కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"నా పొయ్యి ఉండనీ అక్కా," అంది మరదలు, మెల్లగా.

"అదేంటే? నాటకం అయిపోయిందిగా."

"నాకు ఇలా బాగుంది."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే వదినకు ఏదో ఒక దారి దొరికేది. ఆరేళ్లు తరిగిన మనిషి, ఒక్కసారి తాలింపు పెట్టింది, అంతే. అందులో తప్పు పట్టడానికి ఏముంది? తలుపు రాసుకుంటూ వదిన వెనక్కి వచ్చేసింది.

మరుసటి నెల కంపెనీవాళ్లు వచ్చారు. అమ్మ గదిలో పొయ్యి లేదు. మూడు ఇళ్లు రెండయ్యాయి. నక్షత్రం తిరిగి ఇచ్చేయమన్నారు, వదిన కిటికీలోంచి తీసి ఇచ్చేసింది. పైమేడమ్ ఫోను చేయడం మానేసింది. ఎదురుపడితే ఆవిడ కూడా ఫోను చెవికి పెట్టుకుంటోందట. గాజుగ్లాసు మళ్లీ మంచినీళ్లకు పనికొచ్చింది. మంచం కింది డబ్బాలు మాత్రం అలాగే ఉన్నాయి. మా మనవలు కూడా ఆ సబ్బుతోనే ఉతుక్కుంటారని నేను ఏడిపిస్తుంటాను.

నక్షత్రం తిరిగి ఇచ్చేశాక వచ్చిన ఆదివారం నేను వెళ్లేసరికి వదిన వంట ముగించి అందరికీ కంచాలు పెడుతోంది. అమ్మను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. వదిన కూర వడ్డించి, తాను తినకుండా అమ్మ నోటి వైపే చూస్తోంది. అమ్మ ముద్ద నమిలి, మింగి, "ఉప్పు ఎక్కువైంది," అంది.

వదిన ఒక్కసారి కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆమె కంచంలో ఇంకో గరిటె వేసింది. అమ్మ వద్దనలేదు. అన్నయ్య కూడా నవ్వాడు. మా గుండ్రంలో తమ్ముడూ వాళ్లూ కూర్చునే వైపు ఖాళీగా ఉంది. ఎవరూ అటు జరిగి కూర్చోలేదు.

అప్పుడు గడప దగ్గర గాజుల చప్పుడైంది. మరదలు నిలబడి ఉంది. చేతిలో గిన్నె, దాని మీద మూత. ఏ పొరుగింటికో పట్టుకెళ్తున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"లోపలికి రావచ్చా అక్కా?" అంది.

వదిన గబుక్కున తలెత్తింది. ఆ మాట ఇదివరకు తను ఆడిన ఆటేనని, ఇప్పుడు ఇద్దరూ నవ్వుతారని ఆశపడినట్టుంది. ముఖంలో నవ్వు సిద్ధంగా కూడా ఉంది. కానీ మరదలు నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది. వదిన రమ్మనేదాకా గడపకు అవతలే ఆగింది.

"రా," అంది వదిన.

మరదలు గిన్నె దించి, అత్తయ్యకు ఇష్టమని చేశానని చెప్పి, కాసేపు నిలబడి, వెళ్లిపోయింది. కూర బాగుంది. అమ్మ దాంట్లో ఉప్పు గురించి ఏమీ అనలేదు. పరాయివాళ్లు పంపిన దాంట్లో వంకలు పెట్టే మనిషి కాదు మా అమ్మ. ఉప్పు మాట రాకపోయేసరికి వదిన ఇంక తినలేకపోయింది.

మధ్యాహ్నం ఆ గిన్నె కడిగి, తను చేసిన కూర కాస్త అందులో పెట్టింది. తర్వాత స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టింది. ఏం కావాలని అడిగాను. గోనెసంచి దించి, దుమ్ము దులిపి, అందులోంచి మూతలు ఒక్కొక్కటీ తీసి గిన్నెకు సరిపోయేది చూసుకుంది.

"ఊరికే ఎలా పంపుతాం అమ్మడూ? దారిలో దుమ్ము పడుతుంది," అంది.

వంటగదికీ వసారాకీ మధ్య ఉన్నది ఒక్క గడప.